పట్టు దొరకని చోటు

ముప్పై ఒక్క ఏళ్లు నేను విమానాలు దించాను. వాటిలో ఒక్కటి కూడా నేల విడిచి లేచింది కాదు. నా ఉద్యోగం సిమ్యులేటర్ ఇన్‌స్ట్రక్టర్. నాలుగు గోడల మధ్య కాక్‌పిట్ లాంటి గది, ఎదురుగా తెరలు, తెరల మీద మబ్బులు, వాన, రన్‌వే దీపాలు. పైలట్లు కాబోయేవాళ్లను అందులో కూర్చోబెట్టి, వాళ్ల వెనక కుర్చీలో నేను కూర్చుని, ఉన్నట్టుండి ఇంజన్ ఆపేయడం, గాలి దిశ మార్చడం, పొగమంచు కప్పడం నా పని. బంధువుల పెళ్లిళ్లలో నన్ను పరిచయం చేసేటప్పుడు "పైలట్లకు పాఠాలు చెప్తడు" అనేవారు. "మరి నువ్వు నడుపుతవా?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడిగేవారు. నడపనని చెప్పగానే వాళ్ల ముఖంలో కనిపించే నిరాశకు నేను చాలా ఏళ్ల కిందటే అలవాటు పడ్డాను.

ఈ మధ్య కొత్తగా బోధన ఉద్యోగాల్లో చేరిన కొందరు పిల్లలు ఇంటికొచ్చి, "మీ సర్వీసులో మరిచిపోలేని రోజు చెప్పండి సార్" అన్నారు. తుపానులో దించిన విమానమో, పెద్ద కెప్టెన్‌కు చెమటలు పట్టించిన పరీక్షో చెబుతానని వాళ్లు అనుకుని ఉంటారు. అలాంటివీ ఉన్నాయి. కానీ నన్ను ఇప్పటికీ కుదురుగా కూర్చోనివ్వని సంగతి సర్వీసులో జరిగింది కాదు. రిటైరయ్యాక, ఖమ్మంలో, మిర్చి మార్కెట్ వెనక రోడ్డులో, మూడో అంతస్తులోని ఒక గదిలో జరిగింది. అందులో తప్పు నాది. అందుకే అదే చెప్పాలనుకున్నాను.

మాది తల్లాడ దగ్గర వ్యవసాయ కుటుంబం. హైదరాబాద్‌లో రిటైరయ్యాక ఖమ్మం వచ్చి ఇల్లు తీసుకున్నాను. అప్పటికే అక్కడ ఇంజినీరింగ్‌కు, మెడిసిన్‌కు కోచింగ్ ఇచ్చే ఒక కాలేజీ, గోడ మీద పైలట్ ఎంట్రన్స్ అని ఇంకో బోర్డు తగిలించింది. దాని కరస్పాండెంట్ గారు కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతు కుటుంబంవారు. ఎక్కడినుంచో ఒక సెకండ్ హ్యాండ్ సిమ్యులేటర్ తెప్పించారు. మూడు తెరలు, విమానాన్ని నడిపే హ్యాండిల్ ఒకటి, దాని పక్కన చిన్న చక్రం, పెడల్స్, ఇంజన్ లివర్లు, అంతే. నేను పని చేసిన వాటి పక్కన అది బొమ్మలాంటిది. అయినా ఇంట్లో కూర్చోలేక ఒప్పుకున్నాను. సీజన్‌లో మిర్చి ఘాటు మెట్లెక్కి మా గదిలోకి వచ్చేది. పిల్లలు విమానం దించుతూ దించుతూ తుమ్మేవారు. "ఇది కూడా ట్రైనింగే, గాలి కుదుపులనుకోండి" అని నేను జోకులు వేసేవాణ్ని.

ఆ యంత్రాన్ని చూసుకునే ఆయన్ని అందరూ భాయ్ అనే పిలిచేవారు. మార్కెట్ దగ్గర సందులో రేడియోలు, మిక్సీలు, పెళ్లి బ్యాండు వాళ్ల ఆంప్లిఫయర్లు బాగుచేసే దుకాణం ఆయనది. వాళ్ల తాత గడియారాలు బాగుచేసేవాడట, తండ్రి రేడియోలు. వయసులో నాకంటే రెండేళ్లు పెద్ద. విమానం ఎక్కలేదు, ఎక్కాలన్న కోరికా లేదు. వారానికోసారి వచ్చి తెరలు తుడిచి, వైర్లు సర్ది, పని లేకున్నా ఒక మూల స్టూలు మీద కూర్చుని మా పాఠాలు వినేవాడు.

ఆ ఏడు ముగ్గురు విద్యార్థులున్నారు. ఇద్దరు ఖమ్మం అబ్బాయిలు. మూడో మనిషి దుమ్ముగూడెం నుంచి వచ్చిన అమ్మాయి. తల్లి ఆ ఊళ్లో ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది, తండ్రి ట్రాక్టర్ నడుపుతాడు. అమ్మాయి భద్రాచలంలో డిగ్రీ చదివింది. తల్లితో ఫోన్లో వాళ్ల ఇంటి భాష మాట్లాడేది. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు గానీ, ఆ భాషలో మాట్లాడేటప్పుడు ఆమె గొంతు మారిపోయేది, నవ్వు వచ్చేది. మా గదిలో మాత్రం అవసరమైతేనే నోరు విప్పేది. గిరిజన విద్యార్థుల్లో కొందరికి ఫీజు మొత్తం ప్రభుత్వమే కట్టి పైలట్ శిక్షణ ఇప్పించే పథకం ఒకటుంది. రాతపరీక్ష ఆమె దాటేసింది. ఇక హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ, ఆ తర్వాత అరగంట సిమ్యులేటర్ పరీక్ష మిగిలాయి. ఆ అరగంట కోసమే ఖమ్మంలో హాస్టల్లో ఉండి నా దగ్గరకు వచ్చేది.

ఇక్కడ కొంచెం పాఠం చెప్పక తప్పదు. మబ్బు కమ్మి రన్‌వే కనిపించనప్పుడు, కింది నుంచి వచ్చే రెండు రేడియో సంకేతాలను పట్టుకుని విమానాన్ని దించుతారు. ఒకటి కుడి ఎడమల సంగతి చూసుకుంటుంది. రెండోదాన్ని గ్లైడ్‌స్లోప్ అంటారు. రన్‌వే మొదలు నుంచి ఆకాశంలోకి ఏటవాలుగా వేసిన, కంటికి కనిపించని దారి అనుకోండి. మనం ఒకే ఎత్తులో నేరుగా వస్తుంటాం. డయల్ మీద ఒక చిన్న గుర్తు పైనుంచి మెల్లగా దిగుతూ ఉంటుంది. అది మధ్యకు చేరే సమయానికి ఇంజన్ శక్తి తగ్గించి, విమానం ముక్కును కాస్తంత దించి, ఆ దారిలో ఒదిగిపోవాలి. ఆలస్యం చేస్తే దారి కిందికి జారిపోతుంది, మనం పైన మిగిలిపోతాం. దాన్ని అందుకోవాలని ముక్కు బాగా వంచి దూకితే వేగం పెరిగి, దారి దాటి కిందికి పోతాం. మళ్లీ పైకి లాగుతాం. దాని వెంట పడ్డవాడు బాగా దిగడం నేను చూడలేదు.

ఈ అమ్మాయి సరిగ్గా అక్కడే ఆగిపోయింది. అంతవరకు గీత గీసినట్టు వచ్చేది. ఎత్తు తప్పదు, దిశ తప్పదు. గుర్తు మధ్యకు రాగానే విమానం దిగదు. ఒక క్షణం, రెండు క్షణాలు. ఆ తర్వాత ఒక్కసారిగా ముక్కు కిందికి పడిపోయేది. అబ్బాయిలిద్దరూ మొరటుగా, ఎగుడుదిగుడుగా అయినా చివరికి దించేవారు. ఈమెకు పదిసార్లలో ఒక్కసారి కూడా కుదిరేది కాదు.

"చిన్నగ బిడ్డా, చిన్నగ. నువ్వు నెట్టేది విమానం, ఎడ్లబండి కాదు" అన్నాను మొదటివారం.

రెండోవారం నా గొంతు మారింది. "ఎన్నిసార్లు చెప్పాలె? గుర్తు మధ్యకొచ్చినప్పుడు కొంచెం నెట్టు. కొంచెం!"

"నెడుతున్న సార్."

"ఏం నెడుతున్నవ్? ముందు కదల్లే. ఆ తర్వాత ఒక్కపాలి గుంతల పడేసినవ్."

ఆమె హ్యాండిల్ వైపు చూసింది. "సార్, ఇగ ఈడ... కొంచెమే నెట్టినప్పుడు పట్టు దొరుకుతలేదు."

"పట్టు మిషన్ల ఉండదమ్మా, చేతులల్ల ఉంటది" అన్నాను.

అబ్బాయిలిద్దరూ నవ్వారు. మాట బాగా పడిందని నేను కూడా లోలోపల సంతోషించాను. నిజం చెప్పాలంటే, ఆ వారంలో ఇంకో రెండుసార్లు అదే మాట వాడాను కూడా. ఆమె మళ్లీ ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు.

ఆ రోజు భాయ్ మూల కూర్చుని బ్యాటరీ మారుస్తున్నాడు. పిల్లలు వెళ్లిపోయాక దగ్గరికొచ్చాడు.

"సాబ్, ఒక్కసారి ఈ హ్యాండిల్ విప్పి చూద్దామా?"

"ఎందుకు భాయ్? నేను రోజు నడుపుతున్న గదా. నాకు మంచిగనే దిగుతది."

"మీకు దిగుతది. ఆ బేటీకి ఎందుకు దిగుతలేదు అని."

"చేతులు భాయ్. కొందరి చేతులు గంతే."

నాలుగు రోజుల తర్వాత మళ్లీ అడిగాడు. మళ్లీ వద్దన్నాను. ముప్పై ఏళ్లు పెద్ద యంత్రాల దగ్గర పనిచేసిన నాకు, మిక్సీలు బాగుచేసే మనిషి యంత్రం సంగతి చెప్పడమేమిటన్న ఊహ నా మనసులో లేదని అనలేను. ఆయన "సరే సాబ్" అని స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నాడు.

మూడోవారం చివర్లో ఒకరోజు వరసగా ఆరుసార్లు తప్పింది. ఆరోసారి నేను లేచి నిలబడి, "నీకు ఇంకెవరన్న చెప్పాలె. నా వల్ల గాదు" అన్నాను. ఆమె హెడ్‌ఫోన్ తీసి, వైరు చుట్టి, కొక్కేనికి తగిలించింది. కుర్చీని లోపలికి జరిపింది. "వస్త సార్" అని వెళ్లింది. మర్నాడు రాలేదు. మధ్యాహ్నం ఫోన్‌కు ఒక మెసేజ్ వచ్చింది. 'సార్ నేను ఊరికి పోతున్న. నా చేతులతోని అయ్యేటట్టు లేదు. మీ టైం వేస్ట్ చేసిన, ఏమనుకోకుండ్రి.' వెంటనే ఫోన్ చేశాను. స్విచాఫ్ అని వచ్చింది. పరీక్షకు ఇంకా తొమ్మిది రోజులుంది. నాలుగు రోజులు ఊళ్లో ఉండి చల్లబడి తనే వస్తుందిలే అనుకున్నాను. అనుకోవడం సులభం కదా.

రెండు రోజుల తర్వాత సిమ్యులేటర్‌లో ఆ చిన్న చక్రం స్ప్రింగ్ తెగింది. ఆ చక్రాన్ని ట్రిమ్ అంటారు. ముక్కు కొద్దిగా దించాల్సి వచ్చినప్పుడు నాలాంటి పాత చేతులు హ్యాండిల్‌ను నెట్టవు, రెండు వేళ్లతో ఆ చక్రాన్ని తిప్పేస్తాయి. ఎప్పుడో అలవాటైపోయింది, తిప్పుతున్నానని నాకు కూడా తెలియదు. కొత్తవాళ్లకు ముందు చెయ్యి కుదరాలని, పిల్లలను మాత్రం ఆ చక్రం ముట్టుకోనిచ్చేవాణ్ని కాదు. భాయ్ దాన్ని ఊడదీసి బాగుచేయడానికి తీసుకున్నాడు.

"చక్రం లేకుంటే ఏమాయె, చేత్తోనే చూపిస్త" అని అబ్బాయిలిద్దరినీ పక్కన నిలబెట్టి నేనే కుర్చీలో కూర్చున్నాను. తెర నిండా మబ్బు పెట్టుకున్నాను. ఎత్తు సరిగ్గా, దిశ సరిగ్గా వచ్చాను. గుర్తు దిగుతోంది. మధ్యకు వచ్చింది. హ్యాండిల్‌ను కొద్దిగా నెట్టాను.

ఏమీ జరగలేదు.

ఇంకాస్త నెట్టాను. విమానం ముక్కు గుంతలో పడ్డట్టు పడింది. తేరుకునేసరికి దారి కిందికి పోయాను. "మళ్ల చూద్దాం" అన్నాను. మళ్లీ అంతే. మూడోసారి పళ్లు బిగపట్టి, వేళ్ల చివర్లతో, నేను ఆ అమ్మాయికి మూడు వారాలు చెప్పినట్టే అతి చిన్నగా నెట్టాను. మూడోసారి ఇంకా అన్యాయంగా పోయింది.

అబ్బాయిల్లో ఒకడు మెల్లగా, "ఇయ్యాల మిర్చి ఘాటు ఎక్కువున్నది సార్" అన్నాడు. నా పరువు కాపాడాలని ఆ పిల్లవాడు వెతికి ఇచ్చిన సాకు అది. అంత మర్యాద నేను ఆ అమ్మాయికి ఇవ్వలేదు.

"భాయ్, విప్పు" అన్నాను.

ఆయన నాలుగు స్క్రూలు తీసి, లోపలి నుంచి రూపాయి బిళ్లంత భాగాన్ని బయటికి తీశాడు. మూత తెరిచి కిటికీ దగ్గర వెలుగులో పెట్టాడు. నల్లటి పట్టీ గుండ్రంగా వంగి ఉంది. దాని మీద ఒకచోట చిన్న తెల్లటి గీత.

"పాత రేడియోల వాల్యూం తిప్పుతుంటె ఒక్క జాగాల కర్రుమని ఆగుతది చూడుండ్రి, గదే సాబ్ ఇది" అన్నాడు. "దిగేటప్పుడు అందరి చెయ్యి గీడనే ఆగుతది. గీడనే అరిగింది. ఈ జాగాల నెట్టితే మిషన్‌కు తెల్వదు. దాటినంక ఒక్కపాలి తెలుస్తది."

"మరి వీళ్లిద్దరికి ఎట్ల దిగింది?"

"వీళ్లు గట్టిగ నెడ్తరు సాబ్, ఈ జాగా దాటిపోతరు. మీరేమో చక్రం తిప్పుతరు. ఆ బేటీ ఒక్కతే మీరు చెప్పినట్టు చిన్నగ నెట్టింది."

నేను కుర్చీలో అలాగే కూర్చుండిపోయాను. చిన్నగా, చిన్నగా అని నేను అరిచిన కొద్దీ ఆమె నా మాట విని, పట్టు దొరకని ఆ చోటులోకే మరింతగా వెళ్లింది. ముగ్గురిలో మంచి చేతులు ఆమెవే. పట్టు దొరకడం లేదని నాకు నోటితో చెప్పింది కూడా. నేను దాన్ని జోకు చేశాను. రెండుసార్లు అడిగిన భాయ్ ఇప్పుడు ఒక్క మాట అంటే నాకు తేలికయ్యేదేమో. ఆయన అనలేదు. "చాయ్ తాగుదాం నడువుండ్రి" అన్నాడు.

ఆ సాయంత్రమే భాయ్ కొత్త భాగం వేశాడు. అమ్మాయి ఫోన్ ఇంకా స్విచాఫ్‌లోనే ఉంది. పరీక్షకు ఏడు రోజులుంది. దుమ్ముగూడెం వెళ్తానంటే కరస్పాండెంట్ గారు ఆశ్చర్యపోయారు. "ఎందుకండీ అంత దూరం? మెసేజ్ పెట్టండి, చూసుకుంటుంది. తప్పు మిషన్‌ది కదా, మీదేముంది?" అన్నారు. ఆయన మంచితనంతోనే అన్నారు. ఆ మాట నాకు కొంచెం హాయిగానే అనిపించింది కూడా. అందుకే ఇక ఆగకూడదనుకున్నాను.

పొద్దున్నే భాయ్ కూడా దుకాణం మూసి బస్టాండుకు వచ్చాడు. నేను పిలవలేదు, వద్దనలేదు. బస్సు వైరా, తల్లాడ దాటి కొత్తగూడెం వైపు పోతుంటే నేను మనసులో మాటలు పేర్చుకుంటున్నాను. పట్టీ అరుగుదల, సంకేతం తెగడం, ఇలాంటివి. పెదవులు కదిలినట్టున్నాయి. భాయ్ నా వైపు తిరిగాడు.

"సాబ్, మిషన్ సంగతి నేను చెప్త. మీ సంగతి మీరు చెప్పుండ్రి."

ఆ తర్వాత భద్రాచలం దాకా కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాను. అడవి వచ్చింది, పోయింది. వంతెన మీద బస్సు నెమ్మదించినప్పుడు గోదావరి సన్నగా, ఇసుక మధ్యలో కనిపించింది. భద్రాచలంలో దిగి, కిక్కిరిసిన ఆటోలో దుమ్ముగూడెం చేరేసరికి మధ్యాహ్నమైంది.

హాస్టల్ వంటింట్లో తల్లి పెద్ద గంజులో పప్పు కలుపుతోంది. పక్కన కింద కూర్చుని అమ్మాయి వంకాయలు కోస్తోంది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది. తల్లి గరిటె గంజు మీద పెట్టి, కొంగుకు చేతులు తుడుచుకుంది.

"సారు మీరేనా?"

"అవ్ అమ్మా."

"నా బిడ్డ వచ్చిన కాడికెల్లి సరిగ అన్నం తింటలేదు సారూ. ఏమైందే అంటె చెప్పదు. మీరు తిట్టిండ్రా?"

దారిలో పేర్చుకున్న మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి. "తిట్టిన అమ్మా. తప్పు నాది. బిడ్డది కాదు" అన్నాను. అమ్మాయి వైపు తిరిగాను. "నువ్వు నాకు చెప్పినవ్, పట్టు దొరుకుతలేదని. నేను ఇన్లే. నలుగురిల నిన్ను నవ్వులపాలు చేసిన. భాయ్ చెప్పిండు, ఆయన మాట కూడ ఇన్లే. నీ చేతులు మంచిగున్నయి బిడ్డా. ముగ్గురిల నీయే మంచిగున్నయి."

అరవై దాటిన మనిషి, ముప్పై ఏళ్లు నేర్పినవాడు, వంటింటి గడపలో నిలబడి ఇంత మాట అనడానికి ఎంత ఊపిరి కావాలో అప్పుడే తెలిసింది. అమ్మాయి తల వంచుకుని కత్తిపీట వైపే చూస్తోంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"నేను రోజు ఖమ్మం హాస్టల్ల మంచం మీద కూసొని చేతులు చూసుకునేదాన్ని సార్" అంది. "గివి ఎందుకు గిట్లున్నయి అని."

భాయ్ ముందుకొచ్చి, జేబురుమాలు విప్పి ఆ అరిగిన బిళ్లను చూపించాడు. రేడియో కథ మళ్లీ చెప్పాడు. ఆమె దాన్ని వేలి మీద పెట్టుకుని, తెల్లగీతను గోటితో తడిమి చూసింది.

"ఇప్పుడు బాగైందా?"

"కొత్తది వేసిన బేటీ. నువ్వొచ్చి చూడు. ఇంక దొరకకుంటె నన్నడుగు."

ఆమె నా వైపు చూసింది. ఆ గదిలో మూడు వారాలు నా ముఖం చూసి మాట్లాడని పిల్ల. "ఈపాలి నేను చెప్తె ఇంటరా సార్?"

"ఇంట" అన్నాను.

తల్లి వాళ్ల భాషలో ఏదో అంది. కూతురు కూడా ఏదో జవాబు చెప్పింది. కాసేపు ఇద్దరూ అటూ ఇటూ మాట్లాడుకున్నారు. తర్వాత తల్లి మా కోసం తెలుగులోకి వచ్చింది. "పో బిడ్డా. అయితె అయితది, లేకుంటె మళ్ల రా. ఈ వంటిల్లు యాడికి పోతది?" అని, మమ్మల్ని కూర్చోబెట్టి అన్నం పెట్టింది. అమ్మాయి కూడా పక్కనే కూర్చుని తింది. తల్లి గరిటె పట్టుకుని నిలబడి, కూతురు ఎన్ని ముద్దలు తింటుందో చూస్తూనే ఉంది.

మర్నాడు ఖమ్మంలో ఆమె మళ్లీ ఆ కుర్చీలో కూర్చుంది. నేను వెనక కుర్చీలో నోరు మూసుకుని కూర్చున్నాను. గుర్తు దిగింది. ఆమె చెయ్యి కదిలిందో లేదో కూడా నాకు కనిపించలేదు. విమానం మాత్రం తల వంచింది. గుర్తు మధ్యలో నిలబడింది, అలాగే చివరిదాకా నిలబడింది. మబ్బు విడిపోయి రన్‌వే దీపాలు ఎదురుగా వచ్చాయి. అబ్బాయిలిద్దరూ చప్పట్లు కొట్టారు. మూల నుంచి భాయ్ "మాషా అల్లా" అన్నాడు. ఆమె అరచేతులు చున్నీకి తుడుచుకుని, "ఇంకొకసారి సార్" అంది.

హైదరాబాద్‌లో పరీక్ష రోజు తల్లి కూడా వచ్చింది. మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. బయట రేకుల షెడ్డు కింద బెంచీ మీద కూర్చున్నాం. అరగంట తర్వాత అమ్మాయి బయటికొచ్చింది. ముఖంలో ఏమీ తెలియడం లేదు.

"ఎట్లయింది?" అన్నాను.

"మొదటిసారి దిగలే సార్."

పరీక్ష పెట్టినాయన ఆమెను ఆలస్యంగా మళ్లించాడట. ఆమె రన్‌వే వరసలోకి వచ్చేసరికే గ్లైడ్‌స్లోప్ కిందికి జారిపోయి ఉంది.

"వెంట పడ్డవా?"

"నెట్టబోయిన సార్. మళ్ల ఆగిన. నా చేతుల తప్పా, మిషన్ తప్పా, ఆయన కావాలని చేసిండా, నాకు తెల్వలే. తెల్వనప్పుడు ముందు పైకి పోదాం అనుకున్న. దిగుతలేనని చెప్పి పైకి లేపిన. తిరిగొచ్చి రెండోసారి దించిన. గంతల్ల టైం అయిపోయింది. ఆఖరిది చేయనియ్యలే."

దిగే ప్రయత్నం మానుకుని పైకి వెళ్లిపోవడం తప్పు కాదని ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. నేను కూడా ఏళ్ల తరబడి చెప్పాను. కానీ పరీక్షలో కూర్చున్నవాళ్లు ఆ పని చేయరు. చేతకాలేదనుకుంటారని భయపడి, ఎలాగైనా దించాలని చూస్తారు. ఈమె చేసింది. అయినా ఆఖరి అంశం మిగిలిపోయిందని విన్నాక, నేను పాడుచేసిన మూడు వారాలే నా కళ్ల ముందు తిరిగాయి. బస్సులో తల్లి నన్ను చూసి, "మీరెందుకు సారూ గట్లున్నరు, పరీక్ష మీకా?" అంది.

మొదటి జాబితాలో ఆమె పేరు లేదు. నెల రోజులు ఖమ్మంలో నేను ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఆమె మాత్రం రోజూ వచ్చి సాధన చేసుకుని పోయేది. రెండో జాబితాలో పేరు వచ్చింది. తర్వాత ఎప్పుడో, ఆ పరీక్షకుల్లో నాకు పాత పరిచయమున్న ఒకాయన ఫోన్లో చెప్పాడు. ఇంటర్వ్యూలో ఇంగ్లిష్ దగ్గర ఆమెకు మార్కులు తగ్గాయట. "కానీ మేం కావాలని గ్లైడ్‌స్లోప్‌కు పైన వదిలేసినప్పుడు అందరూ దాని వెంటపడ్డారు. నీ స్టూడెంట్ ఒక్కతే వదిలేసి పైకి పోయింది" అన్నాడు. నీ స్టూడెంట్ అన్న మాటకు నేను సంతోషించాలో సిగ్గుపడాలో తేల్చుకోలేకపోయాను. ఇప్పటికీ తేలలేదు.

ఇది జరిగి కొన్నేళ్లయింది. ఆమె ఇప్పుడు నిజమైన విమానంలో కో-పైలట్‌గా కుడివైపు సీట్లో కూర్చుంటుంది. నేను పాఠాలు చెప్పడం మానేశాను గానీ, పొద్దుపోక అప్పుడప్పుడు ఆ గదికి వెళ్లి వెనక బెంచీలో కూర్చుంటాను. సెలవు మీద దుమ్ముగూడెం పోయేటప్పుడు ఆమె ఖమ్మంలో దిగి, భాయ్ దుకాణంలో చాయ్ తాగి, ఆ గదిలో పిల్లలకు ఒక పూట పాఠం చెప్పి పోతుంది.

పోయినసారి వచ్చినప్పుడు కొత్తగా చేరిన ఒక అమ్మాయి విమానం దించలేక అవస్థ పడుతోంది. మూడుసార్లు తప్పింది. ఎక్కడ తప్పిందో నాకు వెనక నుంచే తెలిసిపోయింది. చెప్పబోయాను. నా పాత స్టూడెంట్ వెనక్కి తిరిగి, "ఆగుండ్రి సార్" అంది నవ్వుతూ. వెనక కుర్చీని ముందుకు లాగి ఆ పిల్ల పక్కన వేసుకుని కూర్చుంది.

"నీకేమనిపిస్తుందో నువ్వు చెప్పు. నీ చేతికి ఏం తెలుస్తుంది?"

ఆ పిల్ల బెదురుగా మొదలుపెట్టింది. తర్వాత ధైర్యం వచ్చి, హ్యాండిల్ గురించి, పెడల్స్ గురించి, తెర గురించి, చాలాసేపు చెప్పింది. అందులో సగం తప్పు. ఆమె మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.